సగం మోతాదు వైద్యుడు

మా ఇంట్లో ముగ్గురు మనుషులు, ఒక స్విమ్మింగ్ పూల్. మనుషుల్లో ఎవరికైనా జ్వరమొస్తే, ఆక్లాండ్‌లో డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికేలోపు ఆ జ్వరమే విసుగెత్తి వెళ్లిపోయేది. పూల్‌కి మాత్రం ప్రతి శనివారం ఇంటికొచ్చి చూసే డాక్టరు ఉండేవాడు. వాసన చూసేవాడు, రంగు చూసేవాడు, చెయ్యి పెట్టి ఒళ్లు వెచ్చగా ఉందో లేదో చూసేవాడు, "వారమంత ఎట్లున్నది సార్?" అని నన్ను పక్కకు పిలిచి అడిగేవాడు. నన్ను గురించి ఆ మాట అడిగినవాడు ఈ దేశంలో ఇంతవరకూ లేడు.

ఆయన పోయాడని మొన్న శాండ్రింగ్‌హామ్‌లో బెండకాయలు ఏరుకుంటుంటే తెలిసింది. కిరాణా కొట్టు యజమాని హైదరాబాదు మనిషి. బెండకాయలు తూకం వేస్తూ, "మీ ఇంటికి పూల్ చూడనీకి వస్తుండె గదన్నా ఒకాయన, ఆయన పోయిండంట. టౌరంగ ఊర్ల. నెల దాటిందంట" అన్నాడు. అని, గొంతు కూడా మార్చకుండా, "కరివేపాకు కావాల్నా? ఇయ్యాలనే వచ్చింది" అన్నాడు. కావాలన్నాను.

ఇంటికొచ్చి కవరు బల్ల మీద పెట్టాను. మా ఆవిడ అందులోంచి కరివేపాకు తీసి, "పెరట్లో కుండీలో చెట్టుంటే కొనుక్కొచ్చారేంటి? మతి ఉందా?" అంది. అప్పుడు చెప్పాను.

ఆ రెబ్బను మళ్లీ కవర్లో పెట్టేసింది. "దగ్గర ఎవరున్నారుట?" అంది.

"ఆయన పనిచేసే పూల్‌షాపు వాళ్లే అన్నీ చూసుకున్నారట."

"షాపు వాళ్లు" అంది ఆవిడ, ఆ రెండు మాటలనూ ఎక్కడ సర్దాలో తెలియనట్టు.

ఆయన జీవితచరిత్ర రాయమంటే నా దగ్గర పోస్టుకార్డు కూడా నిండదు. నల్లగొండ వైపు మనిషి. పెళ్లయిందో లేదో అడగలేదు. అడిగితే జవాబు వచ్చేలా ఉండేది కాదు ఆ ముఖం. మా కంటే ఓ పదేళ్లు పెద్ద. పళ్ల మీద పసుపు, గోధుమరంగు చారలు. వాళ్ల ఊరి బావి నీళ్లలో ఫ్లోరైడు రాసిన రాత అది. అందుకని నవ్వొచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. ఆయన నవ్వు నేను చూడలేదు. ఆ చెయ్యి వెనక నవ్వు జరుగుతోందని భుజాలను బట్టి అంచనా వేసుకునేవాణ్ణి.

"మా ఊరి నీళ్లు గూడ గిట్లనే అద్దం లెక్క ఉంటుండె సార్" అనేవాడు మా పూల్ కేసి చూపించి. "తెల్లగున్నయని నీళ్లను నమ్మొద్దు." ఆ మాట అంటున్నప్పుడు మాత్రం చెయ్యి అడ్డం ఉండేది కాదు.

ఆయనతో పరిచయం కావడానికి కారణం మా అత్తగారు. ఆ సంగతి ఆవిడకు ఇప్పటికీ తెలియదు, తెలిస్తే వాటా అడుగుతుంది.

మేం న్యూ లిన్ దాటాక కొండవాలు మీద ఒక పాత చెక్క ఇల్లు కొన్నాం. ఇంటితోపాటు వెనక పూల్ వచ్చింది. మా వంశంలో నూతిలో బాల్చీ పడేసుకున్నవాళ్లున్నారు గానీ, ఈత వచ్చినవాళ్లు లేరు. అయినా పూల్ ఫొటో ఒకటి తీసి కుటుంబం గ్రూపులో పెట్టగానే భీమవరం నుంచి బెంగుళూరు దాకా ఉన్న చుట్టాలందరిలోనూ నా స్థాయి ఒక్కసారిగా జమీందారుల వరసలోకి చేరింది. హాబ్సన్‌విల్‌లో కొత్త ఇళ్లు కొన్న స్నేహితులు, పెరడంటే రెండు కుర్చీలు వేస్తే మూడో కుర్చీ పక్కింట్లో పడే ఇళ్లవాళ్లు, నాతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించడం మొదలుపెట్టారు.

ఆ వైభవం ఒక్క నెల. తరవాత నీళ్లు ఆకుపచ్చబడ్డాయి. ముందు పెసరట్టు రంగు, తరవాత పాలకూర పప్పు, తరవాత గోంగూర. గోంగూర దశలో ఒక బాతుల జంట వచ్చి కాపురం పెట్టింది. నా వంక చూసిన చూపును బట్టి అద్దెకున్నది నేనేనని వాటి ఉద్దేశం.

దసరా దాటితే ఇక్కడ వేసవి, అది వస్తే ఒక ఆచారం ఉంది. మనం ల్యాబుకి సీసా పట్టుకెళ్లినట్టు, పూల్ ఉన్నవాళ్లందరూ తమ తమ నీళ్లు సీసాల్లో పట్టుకుని పూల్‌షాపు ముందు వరుస కడతారు. అక్కడ పరీక్ష చేసి, ఏ మందు ఎంత వేయాలో చెబుతారు. నేనూ వెళ్లాను. నా ముందున్న తెల్లాయన చేతిలో శుభ్రమైన ప్లాస్టిక్ సీసా. నా చేతిలో ఆవకాయ సీసా. కడిగాను, అబద్ధం ఎందుకు. వేడినీళ్లతో, సబ్బుతో, ఇసుకతో కూడా తోమాను. కానీ మా అత్తగారి ఆవకాయ ఒకసారి ఒక సీసాలో అడుగుపెడితే ఆ సీసాకి ఇక వేరే జన్మ ఉండదు.

కౌంటరు వెనక షాపు చొక్కా వేసుకున్న నెరిసిన తల మనిషి సీసా అందుకుని మూత తీశాడు. తీసి ఆగిపోయాడు. మూతి దగ్గర ముక్కు పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. నా వెనక నిలబడ్డవాళ్లు మా ఇంటి నీళ్లలో ఏదో ఘోరమైన విషం కలిసిందనుకుని ఒక అడుగు వెనక్కి వేశారు. ఆయన కళ్లు తెరవకుండానే, నా పేరడక్కుండా, ఊరడక్కుండా, తెలుగులో అడిగాడు.

"తొక్కు ఎవరు పెట్టిన్రు సార్?"

"మా అత్తగారండీ" అన్నాను, నేరం ఒప్పుకున్నట్టు.

"ఆవాలు జర గట్టిగనే ఏసిన్రు."

"ఆవకాయ కదండీ, అందులో ఉండేవే ఆవాలు."

"ఔ గద. మీ దిక్కు అట్లుంటది." మళ్లీ ఒకసారి, ఈసారి ఇంకొంచెం లోతుగా, వాసన చూశాడు. వరుస కదలడం లేదు. "గీ నీళ్లు పరీక్ష జేస్తే మీ పూల్ సంగతి తెల్వది సార్. మీ అత్తగారి సంగతి తెలుస్తది." చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది, భుజాలు ఊగాయి. తరవాత సీసాకు మూత పెట్టి, పారేయకుండా, నాకూ ఇవ్వకుండా, కాసేపు అలాగే పట్టుకుని, "రేపు నాకు సెలవు. నేనే వచ్చి పట్టుకుంట. ఇల్లు యాడ?" అన్నాడు.

అలా మొదలైంది. మొదటిసారి ఆదివారం వచ్చాడు. తరవాత తన సెలవును శనివారానికి మార్పించుకున్నాడు. షాపుకి దీంతో సంబంధం లేదు. ఎవరూ పంపలేదు. ఆయనే వచ్చేవాడు.

ఆయన పరీక్ష చేస్తుంటే చూడాలి. పెళ్లికూతురి నగల పెట్టె తెరిచినట్టు ఆ చిన్న పెట్టె తెరిచేవాడు. లోపల గాజుగొట్టాలు, చుక్కల మందు సీసాలు, రంగుల పట్టీ. చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి, సీసా బోర్లా పట్టుకుని నీళ్లలోకి దించేవాడు. మోచెయ్యి మునిగాక, లోపల సీసాను వెల్లకిలా తిప్పేవాడు. పైపై నీళ్లు పట్టకూడదట, పైనున్న నీళ్లు అబద్ధాలు చెబుతాయట. గొట్టంలో చుక్కలు వేసి మూత పెట్టి కలిపేవాడు. ఒకసారి సాయం చేద్దామని నేను బొటనవేలు మూతగా పెట్టి కలిపితే, ఆస్పత్రిలో చెప్పులతో ఆపరేషన్ గదిలోకి వెళ్లినవాణ్ణి చూసినట్టు చూశాడు. "ఏలు పెట్టకుండ్రి సార్. మీ చెమట గూడ లెక్కల కొస్తది."

తరవాత ఆ గొట్టాన్ని ఆకాశానికేసి ఎత్తేవాడు. రంగు సరిగా తెలియాలంటే వెనక తెల్లని మబ్బుండాలి. ఈ దేశంలో దేనికి కరువున్నా మబ్బుకు లేదు. ఒక కన్ను మూసి, పెదవులు బిగించి, మబ్బును, గొట్టాన్ని, రంగుల పట్టీని ఒక వరుసలోకి తెచ్చేవాడు. మా ఇంటి మీది విమానాలు కూడా ఆ కాసేపు శబ్దం తగ్గించుకుని వెళ్లేవి. చివరికి "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" కిందికి దిగితే క్లోరిన్ తక్కువ. పైకి లేస్తే పీహెచ్ ఎక్కువ. మధ్యలో తెగిపోతే ఆల్కలినిటీ.

"ఆల్కలినిటీ అంటే ఏంటండీ?" అని అడిగానొకసారి.

"నీళ్ల ఓపిక సార్" అన్నాడు. "ఓపికున్న నీళ్లల్ల మీరు ఆసిడ్ పోసిన్రు, వాన పడ్డది, ఎవడో దుంకిండు, ఏం గాదు, సదురుకుంటయ్. ఓపిక లేకపోతే చిన్నదానికీ పెద్దదానికీ ఎగిరెగిరి పడ్తయ్."

"మా ఆవిడకు వేయడానికి ఏమైనా ఉందా?"

వంటింటి కిటికీలోంచి గరిటె చప్పుడు ఆగింది. "అన్నయ్యా, ముందు ఆయనకు పరీక్ష చేయండి. గొట్టం పగిలిపోతుంది" అంది మా ఆవిడ. మా ఆవిడ మొదటిరోజునే ఆయన్ని అన్నయ్యను చేసేసింది. ఆయన ఆవిణ్ణి "చెల్లె" అనడానికి మాత్రం రెండు నెలలు తీసుకున్నాడు. నన్ను "సార్" నుంచి కదపలేదు.

పరీక్షయ్యాక భోజనం. అదీ ఇంట్లో కాదు. పంపు పెట్టిన చెక్క గది పక్కన, ఖాళీ క్లోరిన్ బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చుని, కంచం ఒళ్లో పెట్టుకుని తినేవాడు. "లోపలికి రండన్నయ్యా" అంటే "బట్టలకు ఆసిడ్ వాసన చెల్లె" అనేవాడు. తింటూ మాట్లాడేవాడు. ఆ మాటలు వారం రోజులు ఎక్కడో ఆనకట్ట కట్టి ఆపినట్టు వచ్చేవి. న్యూ లిన్ స్టేషన్ పక్కన ఆయన ఫ్లాటు. "రైలు పోయినప్పుడల్ల మా గోడ నాతోని మాట్లాడ్తది సార్. వేరేవాళ్లెవరు మాట్లాడరు." ఫ్లాటులో మిగతా గదుల్లో చదువుకోడానికొచ్చిన తెలుగు పిల్లలు ఉండేవారు. వాళ్లు చదువు ముగించేవారు, ఉద్యోగం దొరికేది, రెసిడెన్సీ వచ్చేది, పెళ్లయ్యేది, హాబ్సన్‌విల్‌లో ఇల్లు కొనుక్కునేవారు. మళ్లీ కొత్తవాళ్లు దిగేవారు. "అందరు సెటిలై పోతున్నరు సార్. నేనే బస్టాండు లెక్క ఆడ్నే ఉన్న."

"గృహప్రవేశాలకు పిలవరా?"

"ఎందుకు పిలువరు, పిలుస్తరు. ఆ ఇండ్లల్ల పూల్ ఉండదు సార్. పోయి ఏం జేయాలె?"

అది హాస్యం అనుకుని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. చెయ్యి కంచంలోనే ఉంది.

అదీ అసలు సంగతి. ఆయన పని లేకుండా ఒకరి గుమ్మం ఎక్కడు. మా అమ్మాయి పుట్టినరోజుకు పిలిచాం, దీపావళికి పిలిచాం, ఊరికే ఒక ఆదివారం పులిహోర చేశాం రండని పిలిచాం. ప్రతిసారీ ఒకే జవాబు: "పనుండె చెల్లె." ఏ పనీ లేదని ఆయనకు తెలుసు, మాకూ తెలుసు, ఆయన పక్కనుంచి వెళ్లే రైలుకు కూడా తెలుసు. వారానికొకసారి కాస్త తెలుగు, కాస్త అన్నం. ఆయనకు ప్రాణాధారం అదే. దాన్ని అడిగి తీసుకోలేడు, పిలిస్తే తీసుకోలేడు. నీళ్ల పెట్టె చేతిలో ఉంటేనే తీసుకోగలడు. అంటే, మా పూల్ ఆరోగ్యం కుదుటపడిన రోజున ఆయనకు మా ఇల్లు ఉండదు.

ఈ లెక్క నా బుర్రకెక్కడానికి ఒక వేసవి పట్టింది. ఆయన వైద్యంలో ఒక పద్ధతి ఉండేది. ఏ మందైనా సగమే వేసేవాడు. "ఒక్కసారే ఏస్తే నీళ్లు బెదురుతయ్ సార్. సగం ఏద్దాం. కడమ సగం వచ్చే శనివారం జూద్దాం." వచ్చే శనివారానికి ఆ మొదటి సగం ఎండలో ఆవిరయ్యేది. మళ్లీ సగం. డబ్బా మీద రాసినదాన్ని బట్టి మా పూల్ దీపావళికే నయం కావాలి. ఉగాది దగ్గరకొచ్చింది. మా అమ్మాయి ఈతకు బస్సెక్కి మునిసిపాలిటీ పూల్‌కి వెళ్తోంది. నేను డబ్బా చేత్తో పట్టుకుని ఒక గొప్ప కుట్రను బట్టబయలు చేసిన పత్రికా విలేఖరిలా వంటింట్లోకి వెళ్లాను.

"ఈయన మన పూల్ బాగుచేయడం లేదు, తెలుసా?"

మా ఆవిడ పోపు గింజలు వేయిస్తూ వెనక్కి తిరగలేదు. "మీకిప్పుడు తెలిసిందా?"

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆయన రెండోసారి వచ్చినప్పుడు. బాగుచేస్తే మళ్లీ రావడానికి వీల్లేదు కదండీ, అందుకని చేయట్లేదు. ఆ డబ్బా అక్కడ పెట్టి, ఆయనకు మంచినీళ్లిచ్చి రండి. దీని గురించి ఆయన దగ్గర ఒక్క మాటన్నారంటే మీకు వచ్చే శనివారం దాకా పచ్చడి మెతుకులే."

నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో నోరు మూసుకోవడం వల్ల ఒక ఘనకార్యం జరిగిన సందర్భం ఇదొక్కటే.

అయితే నీళ్లకు ఈ ఒప్పందాలేం తెలుసు? మరుసటి వేసవిలో ఒక వారం, మేమేం చేయలేదు, ఆయనేం చేయలేదు, కొంత వాన పడింది, కొంత ఎండ కాసింది, ఆ పూల్ దానంతటదే బాగుపడి కూర్చుంది. శనివారం ఆయన వచ్చి గొట్టం ఎత్తి చూశాడు. "ఊఁ" అనలేదు. గొట్టం కడిగి మళ్లీ నీళ్లు పట్టాడు. మళ్లీ చుక్కలు వేశాడు. మబ్బు సరిగా లేదేమోనని ఇంకో మబ్బు వచ్చేదాకా ఆగాడు. క్లోరిన్ సరిగ్గా ఉంది, పీహెచ్ సరిగ్గా ఉంది, ఓపిక కూడా సరిపడా ఉంది. అడుగున పలకల మధ్య గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి నీళ్లు.

"మంచిగున్నయ్ సార్" అన్నాడు. ఇంటికి తాళం వేసి ఉండటం చూసి వెనక్కి తిరిగినవాడి గొంతది. "ఇగ నెల దాంక నా అవసరం పడదు." పెట్టె సర్దడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ గబగబా సర్దేవాడు. ఆ రోజు ఒక్కో సీసా తుడిచి తుడిచి పెట్టాడు.

లోపల అన్నం ఉడుకుతున్న వాసన వస్తోంది. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "అన్నయ్యా, వడ్డించేస్తున్నా" అంది.

"ఇయ్యాల వద్దు చెల్లె."

"ఏం?"

"పని జేయలె గద."

"పని చేయకపోతే ఆకలేయదా?"

"ఏస్తది. ఇంటికాడ తింట."

ఇంటికాడ ఏముంటుందో మాకు తెలుసు. బ్రెడ్డు ఉంటుంది. గోడ ఉంటుంది. ఆయన పెట్టె చంకలో పెట్టుకున్నాడు. మా ఆవిడ ఒక్క క్షణం ఆయన వంకా, నీళ్ల వంకా చూసి లోపలికి వెళ్లింది.

మళ్లీ వచ్చేటప్పుడు రెండు చేతుల్లో చారు గిన్నె. అప్పుడే పోపు పెట్టినట్టుంది, పొగలు కక్కుతోంది. గిన్నెకు రెండు వైపులా మసిగుడ్డ. ఈ దేశపు చట్టం ప్రకారం పూల్ చుట్టూ కంచె ఉండాలి, దాని గేటు పిల్లలు తీయలేనట్టు ఉండాలి. మా గేటు పెద్దవాళ్లు కూడా తీయలేనట్టు ఉంటుంది. నేను రెండు చేతులతో, తిట్లతో కలిపి తీసే ఆ గేటును ఆవిడ మోచేత్తో ఒక్క పోటు పొడిచి తీసింది. నీళ్ల అంచుకు వెళ్లింది. గిన్నె వంచింది.

చింతపండు చారు, మిరియాల పొడి, ఇంగువ, టమాటా తొక్కలు, మూడు ఎండుమిరపకాయలు, కరివేపాకు, అంతా ఆ అద్దంలాంటి నీళ్లలోకి వెళ్లిపోయింది. ఎర్రటి మేఘం ఒకటి నింపాదిగా విచ్చుకుంది. పైన నూనె చుక్కలు ఎండలో మెరిశాయి.

మేడమీది కిటికీలోంచి మా అమ్మాయి, "మమ్! వాట్ ఆర్ యూ డూయింగ్!" అని కేక పెట్టింది.

"చెయ్యి జారిందే" అంది మా ఆవిడ. గిన్నె ఇంకా రెండు చేతుల్లోనూ గట్టిగా ఉంది, మసిగుడ్డ కూడా చెదరలేదు. తరవాత ఆయన వైపు తిరిగి, ఎక్కడా నవ్వకుండా, "అన్నయ్యా, ఇప్పుడేం చేయాలి?" అంది.

ఆయన ఆ ఎర్రటి మేఘాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఒక్క గిన్నె చారు. అంత పూల్‌లో అది ఏనుగు చెవిలో దోమ ఊదినట్టు. గంటసేపు పంపు తిప్పితే జాడ కూడా ఉండదు. ఆ సంగతి ఆ పెరట్లో అందరికంటే ఆయనకు బాగా తెలుసు. పెట్టె చంకలోంచి తీసి కింద పెట్టాడు. మూత తెరిచాడు. చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచాడు.

"చింతపండు పులుపు గద చెల్లె" అన్నాడు. "తేలికగ తీసుకోవద్దు."

"ఎంతసేపు పడుతుంది?"

"సాయంత్రం దాంక పంపు నడవాలె. నడుమ నడుమ చూస్కుంట ఉండాలె."

"మరి భోజనం?"

ఆయన ఆలోచించాడు. ఇంత పెద్ద ప్రమాదం జరిగిన చోట వైద్యుడు భోజనానికి లేవవచ్చునా అన్నది ఆయన ముఖంలో కనబడింది. "ముందు ఆకులు తీస్త" అన్నాడు. పొడుగుకర్ర వల తీసుకుని ఒక్కో కరివేపాకునూ, ఒక్కో మిరపకాయనూ, పసిపిల్లల్ని నూతిలోంచి తీసినంత జాగ్రత్తగా తీశాడు. తరవాత బకెట్ మీద కూర్చుని పప్పూ, బీరకాయ కూరా, పెరుగూ తిన్నాడు. చారు లేదు. నాకూ లేదు.

"చారు బాగ కుదిరింది చెల్లె" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

"రుచి చూడందే ఎలా చెబుతున్నారు?"

"వాసనకు తెల్వదా." చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది. ఈసారి భుజాలు చాలాసేపు ఊగాయి.

ఆ తరవాత మా ఇంట్లో చేతులు తెగ జారడం మొదలైంది. నీళ్లు కాస్త కోలుకుంటున్నాయన్న అనుమానం రాగానే ఒక శనివారం మజ్జిగ జారేది, ఒక శనివారం కుడితి జారేది, ఒకసారి నేను సైతం ఉత్సాహం ఆపుకోలేక అరకిలో పసుపు జార్చాను. దానికి మాత్రం ఆయన నిజంగానే కంగారుపడి, "సార్, మీరు ముట్టుకోకుండ్రి, చెల్లెకు చెప్పుండ్రి" అన్నాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆయన సగం మందు వేసేవాడు, మేం మిగతా సగం రోగం వేసేవాళ్లం.

కానీ చలికాలం ఒకటుంటుంది. ఈ దేశంలో మే నెల వచ్చేసరికి పూల్ మీద దుప్పటిలాంటి నీలం కవరు కప్పేస్తారు. అక్టోబరు దాకా ఆ నీళ్లకు ఏ వైద్యం అక్కర్లేదు. ఆ నెలలన్నీ ఆయన రాడు. మా ఆవిడ ఫోన్ చేసేది. "ఈ శనివారం రండన్నయ్యా, బజ్జీలు వేస్తున్నా." అవతలనుంచి రైలు చప్పుడు వినబడేది. అది పూర్తిగా వెళ్లిపోయాక, "పనుండె చెల్లె." మా ఆవిడ ఫోన్ పెట్టేసి కిటికీ దగ్గరకు వెళ్లి, ఆ నీలం కవరు మీద చేరిన వాన నీళ్లకేసి, ఎక్కడ చిల్లు పెట్టాలా అన్నట్టు చూసేది.

ఆయన షాపు పని మీద టౌరంగాకి మారి వెళ్లిపోవడానికి ముందు వచ్చిన చలికాలం, ఒక మధ్యాహ్నం, బయట వాన పడుతుండగా కాలింగ్ బెల్ మోగింది. ఇంటింటికీ తిరిగి దేవుణ్ణి గురించి చెప్పేవాళ్లయి ఉంటారని నేను సోఫా వెనక దాక్కున్నాను. మా ఆవిడ తలుపు తీసింది.

ఆయన. ఇస్త్రీ చొక్కా, తడిసిన భుజాలు, పక్కకు దువ్విన జుట్టు. చేతుల్లో పెట్టె లేదు. పెట్టె లేని ఆ చేతులను ఏం చేసుకోవాలో ఆయనకు తెలియడం లేదు. ముందు జేబుల్లో పెట్టుకున్నాడు. బాగుండదనుకున్నాడో ఏమో, తీసి వెనక్కి కట్టుకున్నాడు. అక్కడా నిలవలేదు. చివరికి వాటిని ఎదురుగా ఒకదాన్నొకటి పట్టుకునేలా చేశాడు.

"అన్నయ్యా! పూల్ మూసేశాం కదా?" అంది మా ఆవిడ. కంగారులో ఆ మాటే వచ్చింది.

"తెలుసు చెల్లె."

"మరి? ఏమైనా పనుండి వచ్చారా?"

ఆయన గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పట్టా కేసి చూశాడు.

"ఊకెనే వచ్చిన" అన్నాడు.

ఊరికే వచ్చానన్న ఆ ఒక్క మాట ఆయన నోట వినడానికి మేం ఎన్ని గిన్నెల చారు పారబోశామో. వచ్చాక ఏం చేయాలో మాకెవరికీ తెలియలేదు. మా ఆవిడ పక్కకు తప్పుకుంది. ఆయన చెప్పులు విప్పి, గోడకు ఆనించి, లోపలికి వచ్చాడు. మా డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మా ఆవిడ ఎదురుగా కంచం పెట్టింది. రెండు ముద్దలు తిన్నాక తలెత్తకుండా చెప్పాడు.

"షాపుల ఇంగ్లీషే గద చెల్లె. ఫ్లాట్‌ల పోరలు మొన్ననే ఖాళీ జేసి పోయిన్రు. రోజులకు రోజులు తెలుగుల ఒక్క ముక్క మాట్లాడలె. పొద్దున లేచి నా పేరు నేనే పిలుచుకున్న. గొంతు కొత్తగ అనిపిచ్చింది. ఉన్నదా పోయిందా జూస్కుందామని వచ్చిన."

"ఉంది" అంది మా ఆవిడ. "బాగానే ఉంది. ఇంకాస్త అన్నం పెట్టుకోండి."

పెట్టుకున్నాడు. ఆయనంతట ఆయనే, గరిటె తీసుకుని.

తిన్నాక ముగ్గురం సోఫాలో కూర్చున్నాం. క్లోరిన్ లేదు, పీహెచ్ లేదు, మబ్బును వెదకాల్సిన పని లేదు. మాట్లాడుకోడానికి మా మధ్య ఏమీ మిగల్లేదు. వాన ఎక్కువైందన్నాను. అయిందన్నాడు. రైళ్లు ఆలస్యమన్నాడు. అవునన్నాను. ఊళ్లో పెళ్లిళ్లకు పిలిచి మరీ కబుర్లు చెప్పించుకునే నాలాంటివాడికి మూడో వాక్యం దొరకలేదు. ఏదైనా వెదికి తెద్దామని తల తిప్పేసరికి, ఆయన తల సోఫా వీపు మీదికి ఒరిగిపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. పళ్లకు చెయ్యి అడ్డం లేదు.

మా ఆవిడ దుప్పటి తెచ్చి కప్పింది. నన్ను భుజం పట్టి లేపి వంటింట్లోకి నడిపించింది. మా అమ్మాయి మెట్లు దిగి వస్తుంటే పెదవుల మీద వేలు పెట్టి చూపించింది. ఆ పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి మా పక్కన చేరింది. రాత్రి పప్పుకని పొయ్యి మీద పెట్టిన కుక్కర్ విజిల్ వేయడానికి సిద్ధపడుతుంటే మా ఆవిడ గబుక్కున పొయ్యి కట్టేసింది. పొద్దు వాలింది. స్విచ్ టక్కుమంటుందని లైటు వేయలేదు. ముగ్గురం వంటింటి నేల మీద, గోడకు ఆనుకుని, చీకట్లో కూర్చున్నాం. అవతల గదిలో ఒక మనిషి ఊకెనే నిద్రపోతున్నాడు. సన్నగా గురక. అది ఆగిపోకుండా కాపలా కాస్తూ కూర్చున్నాం.